సుధా, ముందు ఆ రోలర్ల సంగతి చూడు

సుధా,

పాత వాషింగ్ మెషీన్లు సేకరించి బాగుచేస్తానంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడు విసుక్కుంటూ చెప్పాడు, నేను మురిసిపోతూ విన్నాను. పిచ్చి మేనత్త పోలికే వచ్చిందన్నమాట! తీరా పడుకున్నాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మొదటిది మేట్యాగ్ కంపెనీ రింగర్ అట, అదే, తడిబట్టల్ని రెండు రోలర్ల మధ్య నొక్కి పిండే మెషీను. మంచిదే ఎంచుకున్నావు. 1922లో వాళ్లు అజిటేటర్‌ను, అంటే బట్టల్ని కలియదిప్పే రెక్కల భాగాన్ని, తొట్టి అడుగున పెట్టి, బట్టల్లోంచి నీళ్లు దూసుకుపోయేలా చేశారు. 1983 దాకా రింగర్లు తయారు చేశారు కాబట్టి విడిభాగాలకు మరీ కరువుండదు. ఆ తర్వాత 1937 నాటి బెండిక్స్ ఆటోమేటిక్ మెషీను కావాలన్నావట. దాన్ని నేలకు బోల్టులతో బిగించాల్సిందే. లేకపోతే పిండే వేగం అందుకోగానే గదంతా షికారు చేస్తుంది. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం.

విప్పేముందు ఫోటోలు తియ్యి. మరలు విడివిడి డబ్బాల్లో వేసి పేర్లు రాసుకో. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకు. అజిటేటర్ ఇరుసును కరుచుకుపోయి ఉంటే సుత్తి ఎత్తకు, వేడినీళ్లు పోసి ఓపిక పట్టు. పెళుసుబారిన తీగలు మార్చి, ఎర్తింగు ఇచ్చేదాకా ప్లగ్గు జోలికి వెళ్లకు.

ఇక రోలర్లు.

మీ నాన్న కుడి ముంజేతి మీద నున్నగా మెరిసే మచ్చ ఉంది కదా, సైకిలు మీంచి పడ్డానని చెబుతాడే, అది అబద్ధం. నా పరువు కాపాడటానికి ఇన్నేళ్లుగా చెబుతున్న అబద్ధం.

అప్పుడు నాకు ఇరవై నాలుగు, వాడికి పదిహేడు. నేను బాగుచేసిన మొదటి యంత్రం. మోటారు తిరిగింది, తొట్టి కారలేదు. రింగరు మీద అత్యవసరంగా కొట్టే మీట ఒకటి ఉంటుంది, కొట్టగానే రోలర్లు విడిపోవాలి. అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చూశాను. 'తిరుగుతోంది కదా, ఆదివారం చూద్దాంలే' అనుకున్నాను. అందరికీ చూపించుకోవాలన్న తొందర నాది. వాడు తువ్వాలు అందిస్తుంటే ముందు వేళ్లు వెళ్లాయి, తర్వాత చెయ్యి. అరవలేదు. 'అక్కా' అన్నాడంతే, నెమ్మదిగా. నేను చేసిన పని తెలుసా? వాడి భుజం పట్టుకుని వెనక్కి లాగాను. రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి, అలా లాగితే చర్మం ఇంకా ఒరుసుకుపోతుంది. ప్లగ్గు పీకింది వాడే, ఎడమ చేత్తో. తర్వాత నేను పైనున్న బిగింపు మర వదులు చేస్తే చెయ్యి బయటికొచ్చింది.

చూస్తే కాస్త ఎర్రబడిందంతే. అమ్మకు చెప్పొద్దన్నాడు, సరేనన్నాను. అది నా రెండో తప్పు. రోలరు దెబ్బ లోపల నలుగుతుంది, బయటపడటానికి గంటలు పడుతుంది. అర్ధరాత్రికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బి, వేళ్లు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. ఆ పదకొండు రోజులూ నేను వాడి ముఖం చూడలేకపోయాను. వాడేమో నాలుగో రోజునే, యంత్రం ఎలా ఉందని అడిగాడు.

కాబట్టి అన్నిటికంటే ముందు ఆ మీట విప్పి, శుభ్రం చేసి, నూనె వెయ్యి. ప్రతిసారీ ఖాళీ రోలర్ల మీద కొట్టి చూసుకో. పని అయ్యాక బిగింపు వదులు చెయ్యి, రోలర్ల రబ్బరు ఒకచోట అణిగి చదునైపోకుండా ఉంటుంది. జడ ముడేసుకో. వదులు చేతుల చొక్కా వేసుకున్నావని తెలిస్తే బండెక్కి వచ్చి మరీ తిడతాను. ప్లగ్గు నీ ఎడమ చేతికి అందే చోట ఉండాలి. ఒక్కదానివే ఉన్నప్పుడు రింగరు తిప్పకు. మీ నాన్నను పిలువు. గొణుగుతాడు కానీ వస్తాడు.

ఈ ఉత్తరం వాడికి చూపించకు. చూపించినా ఫరవాలేదులే.

మీట బాగుచేశాక ఫోను చేసి, దాని పక్కన పెట్టి కొట్టు. 'టక్'మన్న చప్పుడు నేను వినాలి.

మీ అత్త