కవలల్లో ఒకరు ఆసుపత్రిలో, ఒకరు ఇంట్లో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 34 వారాలకే ఆపరేషన్ చేసి కవలల్ని తీశారు. పాప 2.1 కిలోలు, బాబు 1.8 కిలోలు. ఆరో రోజు బాబు పాలు తాగడం మానేశాడు, ఒళ్లు చల్లబడింది. రక్తంలో ఇన్ఫెక్షన్, సెప్సిస్ అన్నారు. 14 రోజులు ఇంజెక్షన్లు పడాలంటున్నారు. జ్వరమే రాని బిడ్డకు అన్ని రోజులు ఎందుకు? వాడు అక్కడ, నేను పాపతో ఇక్కడ. నా పాలు వాడికెలా అందించాలి?
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: జ్వరం రాకపోవడం చూసి తేలిగ్గా తీసుకోకండి తల్లీ. పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ వస్తే ఒళ్లు కాలిపోతుంది. నెలలు నిండని బిడ్డ శరీరానికి అంత వేడి పుట్టించే శక్తి ఉండదు, అందుకే చల్లబడుతుంది. పాలు గుంజకపోవడం, మత్తుగా పడి ఉండటం, ఒళ్లు చల్లబడటమే ఈ వయసులో సెప్సిస్ మొదటి గుర్తులు. మీరు వెంటనే తీసుకెళ్లి మంచి పని చేశారు.

రక్తం తీసి కల్చర్‌కు పంపుతారు. క్రిమి పెరిగిందో లేదో తెలియడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. పెరిగితే దానికి ఏ మందు పనిచేస్తుందో చూసి, అవసరమైతే మందు మారుస్తారు. రక్తంలో క్రిమి ఉన్నట్టు తేలితే 10 నుంచి 14 రోజులు, మెదడు పొరలకు పాకితే తరచుగా 21 రోజులు వాడాలి. అది పాకిందో లేదో చూడటానికే వెన్ను నుంచి నీరు తీస్తారు. కాళ్లు పడిపోతాయన్న భయంతో కొందరు దీనికి ఒప్పుకోరు. వెన్నుపాము ముగిసే చోటికి కిందనే సూది వేస్తారు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. మేము భయపడేది వేరే విషయానికి: నాలుగైదు రోజులకే బిడ్డ హుషారుగా కనిపిస్తే ఇంటివాళ్లు డిశ్చార్జి అడుగుతారు. మందు సగంలో ఆపితే మిగిలిన క్రిములు మళ్లీ విజృంభిస్తాయి.

ఇక పాల సంగతి. ఇంత చిన్న బిడ్డకు కిలోకు రోజుకు దాదాపు 150 మి.లీ. పాలు కావాలి. 1.8 కిలోలంటే రోజుకు 270 మి.లీ., రెండు గంటలకోసారి పడితే ఒక్కో విడతకు 22 నుంచి 23 మి.లీ. మొదట సెలైన్ మీద ఉంచి, ట్యూబు ద్వారా కొద్దికొద్దిగా పెంచుకుంటూ వస్తారు కాబట్టి తొలిరోజుల్లో మీరు పంపే 5 మి.లీ. కూడా వృథా పోదు. ‘ఇంతేనా వచ్చింది’ అని పారబోయకండి.

24 గంటల్లో కనీసం ఎనిమిదిసార్లు పాలు తీయాలి. అందులో ఒకటి అర్ధరాత్రి దాటాక ఉండాలి. రాత్రి నిద్రపోయి పొద్దున్నే రెట్టింపు తీద్దామనుకుంటే నాలుగు రోజుల్లో పాలు తగ్గిపోతాయి. మీకున్న వీలు ఏమిటంటే, పాప ఒక పక్క తాగుతుండగా రెండో పక్క పిండుకోవచ్చు, అప్పుడు పాలు బాగా దిగుతాయి. తర్వాతి విడతకు పక్క మార్చండి. చేత్తో తీస్తే బొటనవేలు, చూపుడువేలు చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తెచ్చి వదలాలి. చర్మం మీద వేళ్లు జారిస్తే ఒరుసుకుపోయి పుండు పడుతుంది.

మూత ఉన్న స్టీలు గిన్నె లేదా గాజు సీసాను సబ్బుతో కడిగి, నీళ్లలో 10 నిమిషాలు మరిగించి వాడండి. బిడ్డ పేరు, తేదీ, తీసిన సమయం రాసి అంటించండి. కవలలైతే ‘మొదటి బిడ్డ’, ‘రెండో బిడ్డ’ అని కూడా రాయాలి. బయట ఉంచితే 4 గంటల్లోపు, మన ఎండాకాలంలో ఇంకా ముందే వాడాలి. ఫ్రిజ్‌లో పెడితే జబ్బు బిడ్డ కోసం 24 గంటలు దాటనివ్వకండి. తలుపు అరలో కాకుండా లోపలి వైపు పెట్టాలి. ఇప్పుడే తీసిన వెచ్చటి పాలను చల్లటి పాలలో కలపకూడదు. ఆసుపత్రికి ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో పంపండి. అక్కడి నర్సులు చెప్పే గడువు ఇంకా తక్కువైతే అదే పాటించండి. వాడేముందు గిన్నెను గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే చాలు, పొయ్యి మీద పెట్టకూడదు.

రొమ్ము గట్టిపడి, ఎర్రబడి, మీకు జ్వరం వస్తే పాలు తీయడం ఆపకుండానే డాక్టరుకు చూపించుకోండి. పాలు చాలకపోతే పాల బ్యాంకు గురించి అడగండి. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ అనే తల్లిపాల బ్యాంకు ఉంది. అక్కడ శుద్ధి చేసిన పాలిస్తారు. పక్కింటి బాలింత దగ్గర అడిగి తెచ్చిన పాలు జబ్బు బిడ్డకు పట్టవద్దు.

ప్రశ్న: మా కవలల్లో ఒకడికి సెప్సిస్, ఆసుపత్రిలో ఉన్నాడు. రెండోవాడికీ అంటుకుంటుందా? మా ఊరికి పెద్దాసుపత్రి 40 కిలోమీటర్లు. ఏం చూసుకోవాలి?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సెప్సిస్ జలుబులాగా గాలిలో అంటదు. కానీ ఇద్దరూ ఒకే కడుపులో పెరిగారు, ఒకే చేతుల మీద ఉన్నారు. ఒకరికి వచ్చిందంటే రెండోవాణ్ణి కూడా డాక్టరు ఒకసారి పరీక్షించాలి, అడిగి మరీ చూపించండి. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు బట్టలు మార్చుకుని, ఉంగరాలు, గాజులు, వాచీ తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే ఇంట్లో బిడ్డను ముట్టుకోవాలి.

రోజుకు మూడుసార్లు డిజిటల్ థర్మామీటరు చంకలో పెట్టి చూడండి. 36.5 నుంచి 37.5 సెల్సియస్ మధ్య ఉంటే సరే. ఫారెన్‌హీట్‌లో అది 97.7 నుంచి 99.5. తగ్గితే తడిబట్టలు తీసి, టోపీ పెట్టి, ఛాతీకి హత్తుకుని పైన దుప్పటి కప్పండి. గంట తర్వాత కూడా పెరగకపోతే బయల్దేరండి. 38 దాటితే, అంటే 100.4 దాటితే, ఎదురుచూడకండి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగడం ఈ వయసులో చాలా ప్రమాదం.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలికను నిమిషం నిండా లెక్కించాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది, ఎందుకంటే పసికందుల ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా సాగుతుంది. 60 లేదా ఎక్కువ వస్తే మళ్లీ లెక్కపెట్టండి. రెండోసారీ అంతే వస్తే ఆసుపత్రికే. డొక్కలెగరేయడం, మూలగడం, ఫిట్స్, మాడు ఉబ్బడం, పెదాలు నీలంగా మారడం, ఆకుపచ్చగా కక్కడం, తట్టి లేపితేగానీ కదలకపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లెక్కలతో పనిలేదు, 108కి ఫోన్ చేయండి. చాలా సేపు ఏడవకుండా, పాలు అడక్కుండా పడుకున్న బిడ్డను ‘బుద్ధిమంతుడు’ అని వదిలేయకండి. మూడు గంటలకోసారి లేపి పట్టండి.

దారిలో బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా ఎదకు హత్తుకునే తీసుకెళ్లండి. మింగగలిగితే పాలు పట్టండి, పట్టకపోతే రక్తంలో షుగర్ పడిపోతుంది. ఫిట్స్ వస్తున్నా, మింగలేకపోతున్నా నోట్లో ఏమీ పోయవద్దు.

కవలల ఇళ్లలో మరో తప్పు జరుగుతుంటుంది. నిద్రలేమిలో ఒకరికే రెండుసార్లు మందు వేసి, రెండోవారిని మరచిపోతారు. ఒక నోటుపుస్తకంలో ఇద్దరికీ చెరో వరుస గీసి పాలు, మూత్రం, మందు, వేడి రాయండి. వేసినవాళ్లే అప్పటికప్పుడు రాయాలి.

జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాది లోపు జబ్బు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం (ఎస్‌ఎన్‌సీయూ) ఉంటుంది, ముందు దాని దారి కనుక్కోండి.

ప్రశ్న: మా కాలంలో ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేసి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టేవాళ్లం. ఉగ్గుగిన్నెతో ఆముదం కూడా పట్టేవాళ్లం. ఆసుపత్రి నుంచి వచ్చిన మనవరాలికి ఇవేవీ వద్దంటోంది కోడలు.
– ఒక నానమ్మ, భీమవరం

జవాబు: ఈ విషయంలో మీ కోడలి మాటే సరైనది అమ్మా. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. పొగ కూడా ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఆముదం, వసకొమ్ము, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. రెండు కిలోలు దాటేదాకా స్నానం బదులు వెచ్చటి గదిలో తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. కానీ మీ ఉగ్గుగిన్నెను పక్కన పడేయకండి. పాలపీక సీసా కన్నా అదే మంచిది, గిన్నెను నీళ్లలో మరిగించి, దానితో తల్లిపాలు పట్టండి.

మీరు చేయగలిగే పెద్ద సాయం మరొకటుంది. బిడ్డకు డైపరు, టోపీ, సాక్సులు మాత్రమే ఉంచి, మీ ఎద మీద నిలువుగా, తల ఒక పక్కకు తిప్పి, కప్పకాళ్లలా కాళ్లు మడిచి పెట్టుకుని గుడ్డతో కట్టుకోండి. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు, 1978లో కొలంబియాలోని బొగొటాలో మొదలైంది. రోజుకు 8 గంటలు, వీలైతే ఇంకా ఎక్కువ చేయమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కవలలకు ఒక్క తల్లి ఎద చాలదు. మీరు, తాతగారు, నాన్న వంతులు వేసుకోండి. ముక్కు, నోరు మూసుకుపోకుండా, మెడ ముందుకు వాలకుండా చూసుకోవాలి.

ప్రశ్న: ఆసుపత్రి నుంచి ఇద్దరూ ఇంటికొచ్చి మూడు వారాలు. నాకు ఏడుపు ఆగడం లేదు, పిల్లల్ని చూసినా ఏమీ అనిపించడం లేదు.
– ఒక బాలింత, కర్నూలు

జవాబు: రెండు వారాలు దాటాక కూడా ఇలా ఉంటే అది ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. అది మీ తప్పు కాదు, వైద్యంతో తగ్గుతుంది, పాలిస్తూ వాడే మందులూ ఉన్నాయి. ఈరోజే 14416కు ఫోన్ చేయండి, అది టెలీమానస్ ఉచిత నంబరు. మిమ్మల్ని మీరు గానీ, పిల్లల్ని గానీ ఏమైనా చేసుకుంటానన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రాత్రి వరుసగా నాలుగైదు గంటలు మీకు నిద్ర దొరికేలా ఇంట్లోవాళ్లు ఒక విడత పాలు పట్టే బాధ్యత తీసుకోవాలి.

ప్రశ్న: మా కవలలు 31 వారాలకు పుట్టారు, 1.3, 1.5 కిలోలు. ఒకరికి ఆక్సిజన్ పెట్టారు, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఇప్పుడు 40 రోజులు. ఏ పరీక్షలు చేయించాలి? టీకాలు వాయిదా వేయమంటున్నారు చుట్టాలు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కంటి పరీక్ష ఇంకా కాకపోతే రేపే ఇద్దర్నీ తీసుకెళ్లండి. 34 వారాల లోపు గానీ, 2 కిలోల లోపు గానీ పుట్టినవారికి పుట్టిన 30 రోజుల్లోపే ‘ఆర్‌ఓపీ’ పరీక్ష జరగాలి. కంటి లోపల వెనకవైపు ఉండే పొర రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా అల్లుకోకముందే పుట్టడం వల్ల అవి దారితప్పి పెరుగుతాయి, ఆ జబ్బే ఆర్‌ఓపీ. బయటికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. సమయానికి పట్టుకుంటే లేజర్ లేదా ఇంజెక్షన్‌తో చూపు కాపాడవచ్చు, ఆ సమయం కొద్ది రోజులే ఉంటుంది. ఒకసారి బాగుందన్నంత మాత్రాన సరిపోదు. నాళాలు పూర్తయ్యాయని కంటి డాక్టరు చెప్పేదాకా చెప్పిన తేదీకల్లా వెళ్లాలి. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ పరీక్ష, వైద్యం ఉన్నాయి.

అమికాసిన్ వినికిడిని దెబ్బతీసే అవకాశం ఉంది, నెలలు నిండకపోవడమూ తోడైంది. అందుకని ఆ బిడ్డకు ‘బెరా’ అనే వినికిడి పరీక్ష తప్పనిసరి, రెండోవారికీ చేయించండి. టీకాలకు పుట్టిన తేదీ నుంచే లెక్క, నిండాల్సిన తేదీ నుంచి కాదు. పిల్లలు కుదురుగా ఉంటే ఆరు వారాల టీకాలు రెండు రోజుల్లో వేయించండి, బీసీజీ పడకపోయి ఉంటే అదీ అడగండి. విటమిన్ డి రోజుకు 400 యూనిట్లు ఇద్దరికీ ఇవ్వాలి. ఐరన్ చుక్కల మోతాదు బరువును బట్టి మారుతుంది కాబట్టి ఒకరి సీసా మీది కొలత రెండోవారికి వేయకండి, డాక్టరు చేత ఇద్దరికీ విడివిడిగా రాయించుకోండి.