గ్రెయిల్ కొట్టాలనుకుంటున్న మా అమ్మలుకి

అమ్మలూ,

శనివారం క్విజ్ బౌల్‌లో మీ టీమ్ గ్రెయిల్ కొట్టాలని పంతం పట్టిందట, మీ అమ్మ చెప్పింది. ఇరవై టాసప్‌లకి, అంటే ముందు బజర్ నొక్కినవాళ్ళు చెప్పే ప్రశ్నలకి, ఇరవయ్యీ మీరే, అవతలివాళ్ళకి ఒక్కటీ దక్కకుండా! ఎంత గర్వమేసిందో అంత భయమూ వేసింది, నిద్ర పట్టక రాస్తున్నాను.

పాత ప్రశ్నల ప్యాకెట్లు చదువు, బజర్ పట్టుకుని ప్రాక్టీస్ చెయ్, ముందు రోజు త్వరగా పడుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను ఇక్కడ ఎమ్మెస్ చేసేటప్పుడు ఒక మ్యాచ్‌లో వరసగా 16 టాసప్‌లు మావే. పదిహేడోది చదువుతున్నారు. లాంబ్డా పాయింట్ అని ఏదో వచ్చింది, నాకు తెలియలేదు. పక్కనున్న కెమిస్ట్రీ అమ్మాయి మాత్రం ముందుకి వంగింది, బొటనవేలు బజర్ మీదే ఉంది, ఇంకొక్క క్లూ విని ఖాయం చేసుకుందామని ఆగింది. అంతలో 1868 గ్రహణం, గుంటూరు అని వినపడింది. మన గుంటూరమ్మా! అంత దూరంలో ఆ పేరు వినేసరికి ఒళ్ళు ఝల్లుమని బజర్ నొక్కేసి "జాన్సెన్" అన్నాను. గుంటూరు నుంచి ఆ గ్రహణం చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఆయనే. కానీ ప్రశ్న మొదట్లోనే "ఈ మూలకం" అన్నారు. జవాబు హీలియం, దాని జాడ మొదట కనబడింది ఆ గ్రహణంలోనే. మైనస్ ఐదు, పైగా ఒకరు తప్పు చెబితే ఆ ప్రశ్న టీమ్ మొత్తానికీ పోయినట్టే కదా, తెలిసిన పిల్ల నోరు విప్పలేకపోయింది. చివరిదాకా విని అవతలివాళ్ళు చెప్పేశారు. తను నన్నేమీ అనలేదు. బజర్ బల్ల మీద పెట్టేసింది, మిగిలిన మూడు ప్రశ్నలకీ దాన్ని ముట్టుకోలేదు. నేను సారీ కూడా చెప్పలేదమ్మా, గ్రెయిల్ పోయిందన్న బాధలోనే ఉన్నాను.

నీదీ నా తొందరే. పొడుపుకథ సగంలోనే జవాబు అరిచేదానివి, అమ్మమ్మా నేనూ మురిసిపోయేవాళ్ళం, అప్పుడే ఆపాల్సింది. ముందు ఆ "ఈ" తర్వాతి మాట పట్టుకో: ఈ మూలకమా, ఈ నదా, ఈ నవలా. త్వరగా చెబితే ఎక్కువ పాయింట్లొచ్చే పవర్‌కి ఆశపడకు, పదిహేనొచ్చినా పదొచ్చినా టాసప్ టాసప్పే. అవతలివాళ్ళు ముందే కొట్టేస్తారేమోనని టెన్షన్ ఉంటుంది, నిజమే, అయినా నీ ఫ్రెండ్‌కి బాగా వచ్చిన సబ్జెక్ట్ అయితే నీ వేలు ఆపుకో. ఎవరైనా నెగ్ చేస్తే, అంటే నాలా తొందరపడి తప్పు చెప్పి మైనస్ తెస్తే, కోపంగా చూడకు, నువ్వే చేస్తే అక్కడికక్కడే సారీ చెప్పు.

పొద్దున టిఫిన్ తినకుండా వెళ్ళావంటే ఊరుకోను. అయ్యాక ఫోన్ చెయ్యి, స్కోరు తర్వాత చెబుదువుగానీ, నలుగురూ కలిసి భోజనానికి ఎక్కడికెళ్ళారో ముందు అది చెప్పు.

మీ మావయ్య