ఆయన "మనం" వేరు, నా "మనం" వేరు

ప్రశ్న: మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. పిల్లలు పుట్టాక నేనూ మావారూ ఇద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. కారులో మూడు గంటల దూరంలో వేడినీటి బుగ్గలున్న చిన్న నగరం ఒకటి ఉందని తెలిసి, నెల రోజులుగా బస, దారి, అన్నీ చూసి పెట్టుకున్నాను. "ఒక శని, ఆదివారం మనం వెళ్లొద్దామా?" అని అడిగితే ఆయన ఎంతో హుషారుగా "అమ్మ మోకాళ్లకు భలే మంచిది, పద" అన్నారు. అప్పటికప్పుడు అత్తయ్యకు చెప్పేశారు కూడా. ఆవిడకు బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. పాపం చాలా సంబరపడ్డారు. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పటి నుంచి ఆయనతో సరిగ్గా మాట్లాడలేకపోతున్నాను. అసలు ట్రిప్పే మానేద్దామనిపిస్తోంది. నాది స్వార్థమా?

జవాబు: స్వార్థం కాదమ్మా. ఏడేళ్లకు రెండు రోజులు అడిగినందుకు ఆ పేరు ఎవరూ పెట్టరు, మీకు మీరే పెట్టుకుంటున్నారు.

నేను మీ ఉత్తరంలో "నవ్వి ఊరుకున్నాను" దగ్గర ఆగిపోయాను. ఆ నవ్వు చూసి ఆయన మీకూ ఇష్టమే అనుకున్నారు. ఇంకెలా అనుకుంటారు? మన భాషలో "మనం" అనే మాట చాలా పెద్ద గొడుగు. ఇద్దరున్నా మనమే, ఇంటిల్లిపాదీ ఉన్నా మనమే. మీ "మనం"లో ఇద్దరున్నారు, ఆయన "మనం"లో ఆరుగురు. "మనిద్దరమే" అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. చెప్పకుండానే ఆయనకు తెలియాలని మీరు ఆశపడ్డారు. అలా ఆశపడటం తప్పు కాదు గానీ, ఆ ఆశ పెట్టుకుని ఎదురుచూస్తే టెన్షనే మిగులుతుంది.

ఆయన తప్పు లేదని అనడం లేదు. భార్య నెల రోజులు కూర్చుని వేసిన ప్లాన్‌ని ఒక్క నిమిషంలో మార్చేసి, తల్లికి మాట ఇచ్చేసి, ఆ తర్వాత కూడా "నీకు ఓకేనా?" అని అడగలేదు. అది అడగాల్సిన మాట. తల్లి మోకాళ్ల గురించి ఆలోచించడం మంచి గుణమే. కానీ ఆ ఆలోచన వెనక ఉన్న పని ఎవరిది? అత్తయ్య మాత్రల డబ్బా, మామయ్య కళ్లజోడు, పాపకు మూడు జతల బట్టలు, తడి తువ్వాళ్లు వేసుకోవడానికి కవర్లు... ఇవన్నీ ఎవరి చేతుల మీదుగా సర్దుకుంటాయో ఆయన ఒక్కసారి కూడా అనుకుని ఉండరు. ఆరుగురితో వెళ్తే మీకు ఊరు మారుతుంది, పని మారదు. మీ కోపంలో సగం ఇదేనని నా అనుమానం.

ట్రిప్పు మాత్రం మానకండి. ఇప్పుడు మానేస్తే అత్తయ్య చెవిన పడేది "కోడలు వద్దంది" అన్న మాటే. ఒక ట్రిప్పుని రెండు చేయండి. అత్తయ్యకు మాట ఇచ్చారు కాబట్టి అందరూ వెళ్లేది ముందు, మీ ఇద్దరిదీ తర్వాత. కానీ మొదటి దానికి బయల్దేరకముందే రెండో దాని తేదీ ఖాయం కావాలి, బస కూడా బుక్ అయిపోవాలి. "తర్వాత చూద్దాం" అంటే అది ఇంకో ఏడేళ్లు.

ఈ మాట పిల్లలు పడుకున్నాక చెప్పండి. కారులో వద్దు, భోజనాల దగ్గర అసలే వద్దు. "ఎప్పుడూ మీకు మీ అమ్మే" అని మొదలుపెడితే ఆయన తల్లి తరఫున వాదించడం మొదలుపెడతారు, అసలు విషయం గాలికి పోతుంది. "అత్తయ్యని తీసుకెళ్లడం నాకు ఇష్టం లేక కాదు. నేను అనుకున్నది మాత్రం మనిద్దరి కోసం. మీ పక్కన తీరిగ్గా కూర్చుని ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు." ఈ మూడు ముక్కలు చాలు. చెప్పి ఆగండి. ఆయన వెంటనే ఏమీ అనకపోతే ఆ ఖాళీని మీరే నింపేయకండి.

ఇక బుగ్గల సంగతి. వాన నీరు భూమిలోకి చాలా లోతుకు ఇంకి, కింద వేడెక్కి, రాతి పగుళ్లలోంచి మళ్లీ పైకి వస్తుంది. చాలాచోట్ల కిలోమీటరు లోతుకు వెళ్తే 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. నీరు ఎంత లోతు నుంచి వస్తుందో దాన్ని బట్టి ఒక్కో బుగ్గ ఒక్కోలా ఉంటుంది. ఒకటి గోరువెచ్చగా ఉంటే ఇంకొకటి చెయ్యి పెట్టనివ్వదు. ప్రతి బుగ్గలోనూ స్నానం చేయనివ్వరు కూడా. ఇంగ్లండ్‌లోని బాత్ నగరాన్నే చూడండి. 46 డిగ్రీల నీరు ఊరుతుంది, పేరే స్నానం, అయినా రోమన్లు కట్టిన ఆ పాత కొలనులో ఎవరినీ దిగనివ్వరు. స్నానాలకు వేరే కట్టడం ఉంది. కాబట్టి దిగనిస్తారా, ఏ వేళల్లో, శుభ్రం చేయడానికి ఏ రోజు మూసేస్తారు అని ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. మూడు గంటలు కూర్చుని వెళ్లాక గేటుకు తాళం కనిపిస్తే ఆ రోజు ఇంట్లో ఎవరి మూడ్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అత్తయ్య విషయంలో మీవారి హుషారు కొంచెం తగ్గించాలి. వేడినీళ్లలో మోకాళ్లకు కాసేపు హాయిగా ఉంటుంది, అంతే, అరుగుదల పోదు. పైగా వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ పడుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు గబుక్కున లేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. డాక్టర్ సరేనంటేనే దిగాలి. నీరు 40 డిగ్రీలు దాటకూడదు, పది నిమిషాలు మించకూడదు, పైకి లేచేటప్పుడు పక్కన ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఆవిడకు అది కూడా ఇబ్బందే అనిపిస్తే గట్టున కూర్చుని కాళ్లు పెట్టుకోవచ్చు. పాపను వేడి కొలనులోకి దింపకండి, చిన్నపిల్లల ఒళ్లు తొందరగా వేడెక్కిపోతుంది. బాబు దిగితే తల ముంచకూడదని గట్టిగా చెప్పండి. వెచ్చటి సహజ నీటిలో ఒక రకం అమీబా ఉండొచ్చు. అది ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణాల మీదకు వస్తుంది. చాలా అరుదే, అయినా పెద్దవాళ్లు కూడా మెడ వరకే ఆగితే మంచిది.

గంధకం వాసన వచ్చే నీరైతే వెండివి తీసేసి దిగండి. నేనొకసారి వెండి పట్టీలతో దిగి, నల్లటి పట్టీలతో బయటికొచ్చాను. మా ఇంట్లో ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతారు.

మీ ఇద్దరి ట్రిప్పుకు పిల్లల్ని ఒక్క రాత్రి చూసుకోమని అత్తయ్యను మీరే అడగండి, మీవారితో అడిగించకండి. తను సంబరపడ్డ చోటికి వెళ్లొచ్చాక అడిగితే కాదనరనే నా నమ్మకం. పాప మీరు లేకుండా రాత్రి పడుకోదనుకుంటే, ముందే ఒక రాత్రి నానమ్మ పక్కన పడుకోబెట్టి చూడండి. అప్పటికీ కుదరకపోతే తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి వచ్చేయండి. ఆ ఒక్క రోజులోనూ నాలుగు చోట్లు చూసేయాలని లిస్టు రాసుకోకండి. నెల రోజులు ప్లాన్ వేసిన మనిషి కదా, అందుకే అంటున్నాను.

డాక్టర్‌ని అడగడం, బుగ్గల దగ్గరికి ఫోన్ చేయడం, మాత్రల డబ్బా సర్దడం, ఈ మూడూ ఆయనకు అప్పగించండి. గురువారం రాత్రి దాకా చేయకపోయినా మీరు మాత్రం ఫోన్ తీయకండి.