విమానం బోల్టుకీ ఆటోనగర్ బోల్టుకీ తేడా ఉందా? మందు కొట్టే డ్రోన్‌కి ఏది వాడొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పెదనందిపాడు వైపు మిరప చేలకి మందు కొట్టే డ్రోన్ నడుపుతున్నారు. మోటార్లని మోసే డ్రోన్ చేతుల దగ్గర స్క్రూలు తుప్పు పట్టాయి. కంపెనీ ప్యాకెట్ ధర చూస్తే గుండె గుభేలుమంది. "విమానాల్లో వాడే బోల్టుల్లో అంత గొప్పేముంది, ఆటోనగర్ వెళ్లి హై టెన్సైల్‌వి కొని బిగించేస్తే పోదా" అని అడుగుతున్నారు.

నేను పద్దెనిమిదేళ్లు విమానాల మెయింటెనెన్స్‌లో చేశాను. మా బాబాయిది విజయవాడ ఆటోనగర్‌లో నట్లు బోల్టుల కొట్టు. కాబట్టి మీరడిగిన దాని మీద మా ఇంట్లో సంక్రాంతికి సంక్రాంతికి వాదన జరుగుతూనే ఉంటుంది.

ట్రైనింగ్ రోజుల్లో ఇచ్చిన ఏఎన్4 అనే రకం విమానం బోల్టు ఒకటి నా తాళాల గుత్తికి వేలాడుతుండేది. ఓసారి బాబాయి దాన్ని లాక్కుని కౌంటర్ మీద పెట్టి, డబ్బాలోంచి అదే పావంగుళం సైజుది ఇంకోటి తీసి పక్కన నిలబెట్టాడు. నాది కాడ్మియం పూతతో పసుపు బంగారు రంగులో ఉంది, తల మీద ప్లస్ గుర్తులా గీతలు. ఆయనది నల్లగా, తల మీద అంకె. "దీని స్ట్రెంగ్త్ ఎంతరా?" అన్నాడు. చదరపు అంగుళానికి 1,25,000 పౌండ్లు అన్నాను. కాలిక్యులేటర్ తీసి లెక్క కట్టాడు. 860 మెగాపాస్కల్ దగ్గర వచ్చింది, బలం కొలిచే ఇంకో లెక్క అది. ఇంక చూడండి ఆయన నవ్వు! "మా 10.9 దీనికంటే గట్టిది కదరా అబ్బాయ్! దీనికా మీరు బంగారం రేటు పెట్టి కొనేది?"

లెక్కలో బాబాయిదే నిజం. బోల్టు తల మీద 8.8 అని ఉంటే, మొదటి అంకెని వందతో గుణించండి, 800 మెగాపాస్కల్ దగ్గర తెగుతుంది. రెండో అంకె, అందులో 80 శాతం దగ్గరే సాగిపోవడం మొదలెడుతుందని. 10.9 అయితే 1000కి తెగేది, 12.9 అయితే 1200కి. మామూలు ఏఎన్ బోల్టు 8.8కీ 10.9కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. విమానం బోల్టంటే లోకంలోకెల్లా గట్టిదని జనం అనుకుంటారు గానీ, కాదు. మరీ గట్టిగా చేస్తే పెళుసెక్కుతుంది. రోజూ వేలసార్లు అదిరే చోట పెళుసు పనికిరాదు.

మరి డబ్బు దేనికి పోస్తున్నాం? ఆ బోల్టు ఏమిటో ఖచ్చితంగా తెలిసి ఉండటానికి. ఏ బ్యాచ్, ఏ ఉక్కు, ఎవరు పరీక్షించారు అన్నది కాగితంతో సహా వస్తుంది. విడిభాగమైతే సీఏ ఫారం 1 లాంటి విడుదల పత్రం, స్టాండర్డ్ నట్టో బోల్టో అయితే తయారీదారు ఇచ్చే కన్ఫార్మిటీ సర్టిఫికెట్. కాగితం పోతే బోల్టు మిలమిలా మెరుస్తున్నా చెత్తబుట్టలోకే. ఆటోనగర్ బోల్టులు చెడ్డవని నేననట్లేదు, రాజుగారి చిన్నభార్య మంచిదంటే పెద్దభార్య చెడ్డదని కాదుగా. కానీ బాబాయి డబ్బాలో ఏ లాటు ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలీదు, చెయ్యి పెట్టి ఒకటి తీసిస్తాడు. లారీ బాడీకి చెల్లుతుంది.

కంటితో పోల్చి తీసుకుంటే ఏమవుతుందో మా వాళ్లందరికీ కంఠతా వచ్చే కథ ఒకటుంది. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మాలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17 వేల అడుగులు దాటాక, కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోతే సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు. కో పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, కెప్టెన్ బతికాడు. విచారణలో తేలిందేమిటంటే, దానికి ముందే ఆ అద్దం మార్చారు. 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి. తేడా 0.026 అంగుళం, అంటే 0.66 మిల్లీమీటరు. పాత బోల్టుని పక్కన పెట్టి చూపుతో సరిపోల్చి తెచ్చినవే అవి. ఇంకో తమాషా, మిగతా ఆరింటి మందం సరైనదే, కానీ పొడుగు తక్కువ.

నా సొంత తప్పు కూడా చెప్పేస్తాను. ఏఎన్4లో నాలుగంటే పదహారో వంతులు నాలుగు, అంటే పావంగుళం మందం. పేరు ఏఎన్4-10 లాగా ఉంటుంది, డ్యాష్ గీత తర్వాతిది పొడుగు, అంగుళంలో ఎనిమిదో వంతుల్లో. అయితే 7 తర్వాత 8 రాదు, 10 వస్తుంది. ఒక అంగుళం, సున్నా ఎనిమిదో వంతులు అని చదువుకోవాలి. చివర ఇంగ్లీషు 'A' అక్షరం ఉంటే, నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్నుకి బెజ్జం లేనిది. ఇవన్నీ నోటికొచ్చిన కొత్తలో, ఒక బ్రాకెట్‌కి డ్యాష్ 10 వెయ్యాలి. స్టోర్స్‌లో అయిపోయింది. డ్యాష్ 11 తెచ్చి బిగించాను. పొడుగైతే నష్టమేంటి, పొట్టి కాదుగా అనుకున్నాను. ఎంత బిగువో కొలిచే పానా, టార్క్ రెంచి పెట్టాను, 60 అంగుళ పౌండ్ల దగ్గర టక్కుమంది. దర్జాగా సంతకానికి పిలిచాను. మా ఇన్‌స్పెక్టర్ ఏమీ మాట్లాడకుండా బొటనవేలితో బ్రాకెట్‌ని అటూ ఇటూ అన్నాడు. కదిలింది!

అక్కడ జరిగిందేమిటంటే, బోల్టులో మరలేని నున్నటి భాగం మనం కలిపే రేకుల మందంతో సరిగ్గా సమానంగా ఉండాలి. అది ఎక్కువైతే నట్టు మరల చివరిదాకా వెళ్లి ఆ నున్నటి దాన్ని కొట్టుకుని బిగుసుకుపోతుంది. రెంచి టక్కుమంటుంది, రేకులు మాత్రం వదులుగానే ఉంటాయి. తక్కువైతే మరలే బెజ్జం లోపలికొచ్చి రంపంలా కోస్తాయి. నేను వాషర్ వేసి ఉంటే సరిపోయేది. ఆ రోజు నుంచి ఏ బోల్టు బిగించినా, పానా కింద పెట్టాక బొటనవేలు ఆడించి చూడటం అలవాటైంది. ఇంట్లో ఫ్యాన్ హుక్కైనా సరే.

పూత సంగతి కూడా వినండి, ఎందుకంటే మీరు తప్పు చేసే అవకాశం ఇక్కడే ఎక్కువ. తుప్పు పట్టిన 12.9 స్క్రూలని ప్లేటింగ్ వాళ్లకిచ్చి మళ్లీ మెరిపించుకుందామనిపిస్తుంది. వద్దు. ప్లేటింగ్ తొట్టిలో, దానికి ముందు యాసిడ్ కడుగుడులో, హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. గట్టి ఉక్కుకి అది విషం. ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లో 190 డిగ్రీల దగ్గర చాలాసేపు కాల్చి దాన్ని తరిమేయాలి. అలా చేయకపోతే, బిగించినప్పుడు బాగానే ఉంటుంది, తెల్లారి చూస్తే తల ఊడి కింద పడి ఉండొచ్చు. లోడేమీ పెట్టలేదు, ఎవరూ ముట్టుకోలేదు, దానంతటదే.

రివెట్ల గురించి మీరు అడగలేదు, అయినా ఈ ఒక్కటీ చెప్పకుండా ఉండలేను. ఉద్యోగంలో మొదటి వారం సీనియర్ ఒకాయన "ఫ్రిజ్‌లోంచి రివెట్లు పట్రా" అన్నాడు. ర్యాగింగనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. 2024 అనే రకం అల్యూమినియం రివెట్లని వేడిచేసి నీళ్లలో ముంచాక మెత్తగా ఉంటాయి, మామూలు గది వేడిలో పది ఇరవై నిమిషాల్లోనే గట్టిపడటం మొదలెడతాయి, ఆ తర్వాత కొడితే పగుళ్లిస్తాయి. బాగా చల్లగా ఉంచితే ఆ గట్టిపడటం చాలా నెమ్మదిస్తుంది. అందుకే ఐసుపెట్టె. కొన్ని అల్యూమినియం మిశ్రమాలు ఇలా వదిలేస్తే వాటంతటవే గట్టిపడతాయని 1900ల మొదట్లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టాడు, విమానాల రేకులు చాలావరకు ఆయన పుణ్యమే.

సరే, మీ డ్రోన్. మోటార్ మౌంట్లు, మడత పడే చేతుల కీళ్లు, ప్రొపెల్లర్ స్క్రూలు, ఈ మూడు చోట్లా కంపెనీ చెప్పిన పార్టే వేయండి, బేరం వద్దు. టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌కి ప్రభుత్వ ఆమోదం, ఉన్న డ్రోన్ అయితే మీకు వేరే దారి కూడా లేదు. ట్యాంకు పట్టీలు, కాళ్ల క్లాంపులు, కవర్లకి ఆటోనగర్‌లో స్టెయిన్‌లెస్ నిక్షేపంగా కొనుక్కోండి, కానీ తల మీద ఏ2-70 అని ఉందో లేదో చూడండి. గుర్తే లేని స్క్రూ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఆ 70 అంటే 700 మెగాపాస్కల్. కాబట్టి నల్ల 12.9 తీసి స్టెయిన్‌లెస్ వేశారంటే తుప్పు పోతుంది గానీ బలం నూటికి నలభై వంతులు తగ్గుతుంది. మోటార్ దగ్గర వద్దన్నది అందుకే.

కార్బన్ గొట్టానికి అల్యూమినియం తగిలే చోట తెల్ల పొడి కనిపిస్తే అది మందు మరక కాదు, అల్యూమినియం తినేస్తోందని. తడి ఉంటే ఆ రెండూ బ్యాటరీలా పనిచేస్తాయి, మిరప మందు నీళ్లు దానికి ఇంకా అనుకూలం. సాయంత్రం మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టండి.

లోపల నైలాన్ రింగున్న నట్టు వేలితో తిరిగిందంటే దాని పని అయిపోయింది, మార్చండి. మరలు వదులవకుండా పూసే జిగురు, నీలం లాక్‌టైట్, మెటల్‌లో మెటల్‌కే, పాలీకార్బొనేట్ కవర్ల దరిదాపుల్లో వాడితే ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది.

బిగించాక ప్రతి నట్టు మీంచి పక్క రేకు మీదకి ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత తెగి కనబడుతుంది, ఎగరేసే ముందు చుట్టూ ఒక్క చూపు చాలు. హ్యాంగర్లలో ఇదే పనికి వేరే రంగు ట్యూబులుంటాయి, ఇంట్లో ఉన్న సీసాతో కూడా పని జరుగుతుంది. ఇంట్లోవాళ్లని అడిగి తీసుకోండి, నేను అడగలేదు, ఆ గొడవ ఇప్పటికీ నడుస్తోంది.