పై గదికి వైఫై ఎక్కడం లేదా? ముందు స్లాబు సంగతి చూడండి

ప్రశ్న: గుంటూరు లక్ష్మీపురంలో మాది కిందా పైనా కలిపి రెండు అంతస్తుల సొంత ఇల్లు. ఫైబర్ బాక్సుని నెట్ అబ్బాయి కింద హాల్లో టీవీ వెనకాల బిగించి వెళ్లాడు. 100 ఎంబీపీఎస్ ప్లాను. కింద ఏ ఇబ్బందీ లేదు. పైన మా అబ్బాయి వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తాడు, మీటింగ్ మధ్యలో మాట తెగిపోతోందని లాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదకొచ్చి కూర్చుంటున్నాడు. వైఫై బూస్టర్ అని ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించి పై గదిలో పెట్టాం. ఫోన్లో గీతలన్నీ నిండుగా కనిపిస్తున్నాయి గానీ వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటోంది. 300 ప్లానుకి మారితే సరిపోతుందని నెట్ వాళ్లంటున్నారు. మారమంటారా?

జవాబు: ఇప్పుడే మారకండమ్మా. మీ బాధంతా కింద నుంచి పైకి ఎక్కే దారిలో ఉంది, 300 తీసుకుంటే కింద 300 వస్తుంది, పైన మాత్రం దాదాపు ఇదే కథ. అయినా ఊహాగానాలెందుకు, పావుగంటలో తేల్చుకోవచ్చు. అబ్బాయి లాప్‌టాప్‌ని కిందకి తెచ్చి బాక్సుకి ల్యాన్ వైరుతో కలిపి స్పీడ్ టెస్ట్ చేయమనండి. తర్వాత వైరు తీసేసి అక్కడే వైఫైలో ఒకసారి, పై గదిలో ఒకసారి. వైరు మీదే 30, 40 చూపిస్తే అప్పుడు నెట్ వాళ్లతో గొడవపడాలి. వైరు మీద 90 దాటి వచ్చి, పైన ఐదో ఆరో వస్తే మాత్రం వాళ్ల తప్పేం లేదు, అడ్డం పడుతున్నది మీ స్లాబే.

స్లాబంటే ఏమిటి, నాలుగైదు అంగుళాల కాంక్రీటు, మధ్యలో ఇనుప చువ్వల జాలీ. పైన ఫ్లోరింగ్ వేరే. ఇటుక గోడ ఒకటీ రెండూ దాటే సిగ్నల్ కూడా దీని దగ్గర చతికిలపడిపోతుంది. వైఫై సిగ్నల్లోనూ రెండు రకాలున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త మొండిది, వేగం తక్కువైనా అడ్డాలు దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం బాగా ఎక్కువ, కానీ కాంక్రీటంటే దానికి పడదు. మీవాడు మీటింగ్ కోసం మెట్ల మీదకొచ్చి కూర్చుంటున్నాడన్నారు చూడండి, కారణం అదే: మీ ఇంట్లో స్లాబుకి ఉన్న పెద్ద ఖాళీ మెట్ల దారి ఒక్కటే, సిగ్నల్ ఎక్కువగా అందులోంచే పైకొస్తోంది.

కాబట్టి పైసా ఖర్చు లేని పని ముందు చేయండి. బాక్సుని టీవీ వెనక నుంచి తీయించండి. టీవీ వెనకంతా రేకూ సర్క్యూట్లూ, పక్కన బీరువా ఉంటే మరీ అన్యాయం, అక్వేరియం ఉన్నా అంతే, నీళ్లు సిగ్నల్‌ని మింగేస్తాయి. మెట్లు మొదలయ్యే చోట, మనిషి తల ఎత్తులో, బయటికి కనపడేలా పెట్టించండి. అందం పోతుందని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, అననివ్వండి. బాక్సుకి బయట యాంటెన్నాలు ఉంటే అన్నీ నిటారుగా పెట్టకండి. నిలబెట్టిన యాంటెన్నా సిగ్నల్‌ని చుట్టూ పక్కలకి చిమ్ముతుంది, దాని నెత్తి మీదకి తక్కువ. ఒకదాన్ని అడ్డంగా పడుకోబెడితే పై అంతస్తుకి కొంత మేలు. ఒక్క జాగ్రత్త, ఆ సన్నటి ఫైబర్ వైరు లోపల ఉండేది గాజు పోగు, దాన్ని మడిచినా లాగినా మొదటికే మోసం. జరిపే పని నెట్ అబ్బాయినే పిలిచి చేయించండి.

ఇక బూస్టర్. గీతలు నిండుగా ఉండి నెట్ రాకపోవడం చాలామంది రాసే ఫిర్యాదే. ఆ గీతలు మీ ఫోనుకీ బూస్టర్‌కీ మధ్య ఉన్న సిగ్నల్‌ని చూపిస్తాయి. బూస్టర్‌కీ కింద బాక్సుకీ మధ్య ఎలా ఉందో ఫోనుకి తెలియదు. సిగ్నలే సరిగా అందని గదిలో దాన్ని పెట్టారు, దానికి అందిందే అరకొర, అదే మీకు గట్టిగా వినిపిస్తోంది. మెట్ల మలుపులో ప్లగ్గుంటే అక్కడికి మార్చి చూడండి, తేడా తెలుస్తుంది. అయినా చవక రకం బూస్టర్లు ఒకే రేడియోతో ఇటు వినాలి, అటు చెప్పాలి, అందుకని వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఫోన్లో వార్తలు చూసుకోవడానికి చాలు గానీ ఉద్యోగం దాని మీద నడపలేం. దుకాణాల్లో దాన్ని సర్వరోగ నివారిణిలా అమ్ముతున్నారు, అదే నాకు నచ్చదు.

సొంత ఇల్లంటున్నారు కాబట్టి నా సలహా ఒకటే: కింద నుంచి పైకి ఒక ల్యాన్ వైరు లాగించేయండి. క్యాట్ 6 అని అడగండి, అసలు రాగి తీగ ఉన్నదే తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. 100 మీటర్ల దాకా ఈ వైరుకి ఇబ్బంది లేదు, రెండంతస్తుల ఇంటికి అందులో మూడో వంతు కూడా పట్టదు. స్లాబుకి బెజ్జం కొట్టక్కర్లేదు. ఒకప్పుడు డాబా మీది డిష్ నుంచి కేబుల్ దింపిన కన్నమో, ఏసీ పైపు వెళ్లే కన్నమో ఉంటుంది, అందులోంచి బయటికి తీసి, గోడ వెంట పైపులో ఎక్కించి, పై గది కిటికీ పక్కనుంచి లోపలికి. బయట ఎండా వానా పడుతుంది కాబట్టి బయట వాడే నల్ల తొడుగు రకమే వేయించాలి. కరెంటు తీగలు ఉన్న పైపులోనే దీన్నీ దూర్చేస్తానంటాడు ఎలక్ట్రీషియన్, పని తేలికని. ఒప్పుకోవద్దు, ప్రమాదం. చివర కనెక్టర్ కొట్టేటప్పుడు ఎనిమిది తీగలూ కలిశాయో లేదో చూడమనండి, నాలుగే కలిపినా నెట్ వస్తుంది, కానీ 100 దాటదు, రేపు నిజంగానే 300 తీసుకుంటే అక్కడ ఇరుక్కుంటారు.

పైన ఆ వైరు చివర ఒక రౌటర్ పెట్టి, వైరులో వచ్చే నెట్‌ని వైఫైగా పంచడం మాత్రమే చేసే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి. అటకెక్కించిన పాత రౌటర్ ఉంటే అదైనా సరే, మీరు కొన్న బూస్టర్‌కి ల్యాన్ పోర్టు, ఈ మోడ్ రెండూ ఉంటే కొత్తది కొననే అక్కర్లేదు. పాత రౌటర్‌లో ఆ మోడ్ లేకపోతే, అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామా నంబర్లు పంచే పని) ఆపేసి, కింద బాక్సు చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 లాంటిది వేరేగా ఇచ్చి (ఆ నంబర్ మరో పరికరానికి వెళ్లకుండా చూసుకోండి), వైరుని బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చాలి. అబ్బాయికి ఇది తెలిసే ఉంటుంది. కిందా పైనా వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టుకుంటే మెట్లెక్కేసరికి ఫోను తనంతట తనే పైదానికి మారిపోతుంది, ఒక్కోసారి కాస్త మొరాయించినా.

ఆ రౌటర్‌ని డాబా మీద రేకుల గదిలో మాత్రం పెట్టకండి. ఇంట్లో వాడే రౌటర్లు చాలావరకు 40 డిగ్రీల వేడి దాకానే తయారుచేసినవి, మే నెల గుంటూరులో రేకుల కింద అంతకు మించే ఉంటుంది. మధ్యాహ్నం నెట్ పోయి సాయంత్రానికి దానంతటదే వస్తోందంటే చాలాసార్లు ఇదే గొడవ.

గోడలకి వైరు వేయడం ససేమిరా కుదరదంటే మెష్ బాక్సుల జత (ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఇల్లంతా ఒకే వైఫైలా పనిచేసేవి) కొనుక్కోండి, ఒకటి కింద, రెండోది మెట్లెక్కగానే వచ్చే చోట. కరెంటు ప్లగ్గుల ద్వారా నెట్ పంపే అడాప్టర్లూ ఉన్నాయి గానీ, త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండి కిందొక ఫేజూ పైనొక ఫేజూ వాడే ఇళ్లలో అవి సరిగా పనిచేయవు. వాపసు తీసుకుంటామంటేనే కొనండి.

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం, ఇళ్లన్నీ ఆనుకుని ఉంటాయి. ఫోన్లో వైఫై పేర్లు చూస్తే చాంతాడంత జాబితా వస్తోంది. పై గదిలో పగలు పర్లేదు, రాత్రి భోజనాల వేళకి పూర్తిగా పడిపోతోంది. రౌటర్ మార్చాలా?

జవాబు: మార్చక్కర్లేదు. చుట్టుపక్కల వాళ్లందరూ అదే టైముకి ఓటీటీ పెట్టుకుంటారు, అందరి రౌటర్లూ 2.4 లోనే కొట్టుకుంటాయి. అందులో ఒకదానికొకటి తగలని చానళ్లు (సిగ్నల్ నడిచే దారులు) మూడే: 1, 6, 11. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆటో తీసేసి, మీ దగ్గర ఈ మూడింట్లో ఏది ఖాళీగా ఉందో వైఫై అనలైజర్ యాప్‌లో చూసి అది పెట్టండి, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. టీవీ, రౌటర్ ఉన్న గదిలోని ఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేస్తే 2.4 పై గదికి మిగులుతుంది. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నంతసేపూ 2.4 తడబడుతుంది, రౌటర్ దాని పక్కన ఉంటే జరపండి. ఇవన్నీ చేశాక కూడా, రౌటర్‌కి వైరు పెట్టి చూసినా రాత్రి పూట అలాగే ఉంటే అప్పుడు నెట్ వాళ్లకి ఫోన్ చేయండి.

ప్రశ్న: పటమటలో పై పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. కింద ఓనరు గారి వైఫైనే నెలకి ఇంతని ఇచ్చి వాడుకుంటున్నాం, పడక గదిలో అసలు రాదు. బూస్టర్ కొనమంటారా?

జవాబు: బూస్టర్ డబ్బులు దాచుకుని మీ పేరు మీద వేరే కనెక్షన్ తీసుకోండి. ఫైబర్ వైరు నేరుగా పైకే వస్తుంది, స్లాబు బాధే ఉండదు, బాక్సు ఎక్కడ బిగించాలో మీరే చెప్పొచ్చు. హాలుకీ పడక గదికీ మధ్య గోడ మీద పెట్టించుకోండి. వైరు లోపలికి తేవడానికి ఓనరు గారిని ముందే అడగండి, కిటికీ సందులోంచి తెస్తామంటే సాధారణంగా కాదనరు.