లేటెక్‌తో జంబ్లింగ్ పేపర్: కలపడం తేలికే, కీ దగ్గరే తంటా

అడిగిన ప్రశ్న: "పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. 30 మంది ఉంటారు. ఒకరిది చూసి ఒకరు రాయకుండా ప్రశ్నలూ ఆప్షన్లూ తారుమారు చేసి ఎ, బి, సి, డి సెట్లు వేయాలనుకుంటున్నాను. దీనికోసం లేటెక్ నేర్చుకోవాలా, వర్డ్‌తో గడిచిపోతుందా?"

30 మందికైతే వర్డ్‌తో గడిచిపోతుంది. అయినా లేటెక్ (కమాండ్లు రాస్తే పేజీని అచ్చుకి సిద్ధం చేసిపెట్టే సాఫ్ట్‌వేర్) నేర్చుకోండనే చెబుతాను. కాకపోతే ముందు నాకు జరిగింది వినండి. ఈ తారుమారు పేపర్ల పుణ్యమా అని ఒక ఆదివారం రాత్రి నా ఉద్యోగం పోయినంత పనైంది.

అప్పట్లో ఒంగోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో మేథ్స్ చెప్పేవాణ్ణి. ప్రతి ఆదివారం పొద్దున ఎంసెట్ పద్ధతిలో టెస్టు ఉండేది. మేథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 బిట్లు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. అప్పటికింకా ఎంసెట్ ఓఎంఆర్ షీటు మీదే. కంప్యూటర్ మీదికి మారింది 2017లో.

అందరికీ ఒకటే పేపరు, బెంచీకి ముగ్గురు. నోరు విప్పకుండానే హాలంతా మాట్లాడుకునేవాళ్ళు. ముక్కు ముట్టుకుంటే 1, చెవి అయితే 2, గడ్డం 3, పెన్ను నోట్లో పెట్టుకుంటే 4. "ఇంకోసారి చెప్పు" అనడానికి చిన్న దగ్గు. ఇది కనిపెట్టడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. పట్టుకుందామంటే ఏమని పట్టుకుంటాం? ముక్కు దురద పెట్టింది సార్ అంటాడు.

మా పేపర్లన్నీ బయట ఒక డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్లో, "అను" అనే తెలుగు ఫాంట్లతో కొట్టించేవాళ్ళు. నాలుగు సెట్లు కావాలని అడిగితే రేటు నాలుగింతలు చెప్పాడు. బేరమాడితే ఒప్పుకుని ఏం చేశాడంటే, మేథ్స్‌లో 41 నుంచి 80 వరకు ముందు పెట్టి, 1 నుంచి 40 వరకు వెనక్కి నెట్టి, పైన "సెట్ బి" అని వేశాడు. పిల్లలకి అది తెలియడానికి ఒక్క వారం కూడా పట్టలేదు. బి సెట్ వాడు తన నంబరుకి నలభై కలుపుకోవాలి, లేదా తీసేసుకోవాలి, అంతే. డబ్బులు మాత్రం నాలుగు సెట్లకి తీసుకున్నాడు.

అప్పుడు దిగాను నేను. ఎమ్మెస్సీలో ప్రాజెక్టు రిపోర్టు కోసం లేటెక్ నేర్చుకున్నాను కాబట్టి కాస్త పొగరు కూడా ఉంది. ఫిలిప్ హర్ష్‌హార్న్ అనే ఆయన రాసిన ఎగ్జామ్ అనే క్లాస్ ఉంది. లేటెక్‌లో క్లాస్ అంటే ముందే తయారుచేసి పెట్టిన మూస. అందులో ప్రశ్న రాసి, ఆప్షన్లు రాసి, సరైన దానికి మాత్రం ఛాయిస్ బదులు కరెక్ట్‌ఛాయిస్ అని పెడితే చాలు. ఫైలు మొదటి లైన్లో ఆన్సర్స్ అన్న మాట చేరిస్తే జవాబులు నల్లగా తేలి కీ వస్తుంది, తీసేస్తే పిల్లలకిచ్చే పేపరు వస్తుంది. రెండూ ఒకే ఫైలు నుంచి. డీటీపీ వాడిని అడిగితే పేపరు వేరు, కీ వేరు, రెండింటికీ వేరు వేరు డబ్బులు. జంబుల్ చేసే మాక్రో (చిన్న ప్రోగ్రాము ముక్క) మాత్రం ఇంటర్నెట్‌లో ఎవరో రాసింది దించుకున్నాను. పిల్లలు కాపీ కొట్టకూడదని నేను కొట్టిన కాపీ అది.

ఇక్కడో తమాషా చెప్పాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ అసలు లేటెక్‌కి మూలమైన టెక్ మొదలుపెట్టిందే 1977లో తన పుస్తకం రెండో సంపుటం కొత్త ముద్రణ ప్రూఫులు చూసి, అక్షరాలు ఇంత వికారంగా ఉన్నాయేంటని విసుగుపుట్టి. ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌లో ఆ రెండో సంపుటం మొదలయ్యేది యాదృచ్ఛిక (ర్యాండమ్) సంఖ్యలతోనే. పేకముక్కలు కలిపినట్టు ఒక వరుసని ఎలా కలపాలో కూడా అందులోనే ఉంది. ఆ పుస్తకం కోసం పుట్టిన టెక్‌లో మాత్రం ఒక్క యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చే కమాండ్ కూడా ఆయన పెట్టలేదు! అందుకే మనం ఎవరో ఒకరు రాసిన ప్యాకేజీల (అదనంగా తగిలించుకునే ఫైళ్ళ) వెంట పడాలి. నేను దించుకున్న మాక్రో పీజీఎఫ్ అనే ప్యాకేజీ మీద ఆధారపడింది.

తెలుగు మీడియం సెక్షన్‌తో ఇంకో తలనొప్పి. అనులో ఉన్న పాత బిట్ బ్యాంకు యూనికోడ్ కాదు కాబట్టి తెరిస్తే పిచ్చి గీతలు. అంతా మళ్ళీ కొట్టుకోవాల్సిందే. లేటెక్ ఫైళ్ళని నడిపే మామూలు ప్రోగ్రాము పీడీఎఫ్‌లేటెక్‌తో కుదరదు, యూనికోడ్ ఫాంట్లు తీసుకునే జీలేటెక్ వాడాలి. అందులో కూడా ఫాంటు పేరు పక్కన స్క్రిప్ట్ తెలుగు అని చెప్పకపోతే ఒత్తులు కిందికి దిగవు. మొదటి ప్రింటులో "విద్యార్థి" అన్న మాటలో ర పక్కన పొల్లు, దాని పక్కన థి, వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ ఒక్క మాట చేర్చాక సర్దుకుంది.

మొదటి టెస్టు ఒక్క సెక్షన్‌కే పెట్టాం. పావుగంట కాగానే వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, 112వ బిట్టులో మొదటి ఆప్షన్ 'పైవన్నీ' అని ఉంది. పైన ప్రశ్న తప్ప ఏం లేదు సార్."

కలపమంటే అన్నీ కలిపేసింది మరి. "పైవన్నీ", "పైవేవీ కావు", "1, 2 మాత్రమే" లాంటివి జంబ్లింగ్‌కి శత్రువులు. నా అభిప్రాయంలో ప్రశ్న తయారుచేసేవాడికి నాలుగో ఆప్షన్ తట్టక రాసే బిట్లివి, ఎత్తిపారేయాల్సినవే. తప్పనిసరైతే చివరి ఆప్షన్ని కదలనివ్వకుండా ఉంచే ఏర్పాటు ఉంది. ఎగ్జామ్ క్లాసుకి తోడుగా ఆప్షన్లు కలపడానికే ఒక ప్యాకేజీ ఉంది, అందులో కీప్‌లాస్ట్ అని పెట్టాలి. ఆటో మల్టిపుల్ ఛాయిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అయితే లాస్ట్‌ఛాయిసెస్ అన్న మాట తర్వాత రాసినవి కదలవు. ఈ రెండోది ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుసలో పేపరు వేసి, స్కాన్ చేసిన షీట్లు తనే దిద్దుతుంది కూడా. నాకప్పుడు ఇవేవీ తెలియవు.

ఇక అసలు సంగతి. 2016 నవంబరు 12, శనివారం. నోట్ల రద్దు ప్రకటించి నాలుగు రోజులు. కాలేజీలో కాపీలు తీసే రిసో మెషిన్ పాడైంది. రాత్రి పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్సు షాపుకి వెళితే, "పాత ఐదొందలు వద్దు మాస్టారూ, వందలుంటేనే మొదలుపెడతా" అన్నాడు. స్టాఫ్ రూమంతా వెతికి వందలు పోగుచేసి 180 పేపర్లు తీయించేసరికి అర్ధరాత్రి దాటింది. ఆదివారం పరీక్ష భేషుగ్గా జరిగింది. హాల్లో ముక్కులు, చెవులు, గడ్డాలు అన్నీ ప్రశాంతంగా ఉన్నాయి. నాకు పండగలా ఉంది.

మధ్యాహ్నం రెండు గంటలకి తాపీగా కూర్చుని, ఫైల్లో ఆన్సర్స్ అని చేర్చి, కంపైల్ చేసి (అంటే ఫైలుని పీడీఎఫ్‌గా మార్చి), నాలుగు సెట్ల కీ తీసి ఓఎంఆర్ గదిలో ఇచ్చాను. సాయంత్రానికి మార్కులు వచ్చేశాయి, తల్లిదండ్రులకి ఎస్సెమ్మెస్‌లు వెళ్ళిపోయాయి. ఎప్పుడూ 140 దాటే అమ్మాయికి 38. అసలు పుస్తకం తెరవని వాడికి 43. కాలేజీ మొత్తం 30కీ 50కీ మధ్యలో. నలుగురిలో ఒకరు కరెక్ట్ అంటే 160కి 40. అంటే అందరూ కళ్ళు మూసుకుని గీసినట్టు. మేథ్స్ చెప్పేవాణ్ణి కాబట్టి ఆ నలభై చూడగానే కడుపులో తిప్పింది.

ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి, "ఏమండీ మేథ్స్ సారూ, ఊరంతా ఫోన్లు చేస్తున్నారు. ఆ లేటెక్సో గీటెక్సో ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?" అన్నారు. సమాధానం లేదు నా దగ్గర. పిల్లల దగ్గర మిగిలిన పేపర్లు తెప్పించి, నా కీ పక్కన పెట్టి చూస్తే వరుసలే వేరు. నేను కీ తీసింది వేరే పేపరుకి. ఆ పేపరు ఎవరూ రాయలేదు.

జరిగిందేంటంటే, కంప్యూటర్‌కి చీటీలు తీయడం రాదు. మొదట ఒక సంఖ్య ఇస్తే దాన్ని పట్టుకుని లెక్కగట్టి మిగతావి పుట్టిస్తుంది. ఆ మొదటి సంఖ్యనే సీడ్ అంటారు. సీడ్ అదే అయితే వరుస అదే, మారితే అంతా మారిపోతుంది. నేను సీడ్ ఇవ్వలేదు. ముందే అనుమానం వచ్చి, వెంటవెంటనే రెండుసార్లు కంపైల్ చేసి చూశాను కూడా. రెండుసార్లూ ఒకేలా వచ్చింది. స్థిరంగానే ఉందిలే అనుకున్నాను.

ఫిజిక్స్ సారు, కెమిస్ట్రీ మేడం, నేనూ కూర్చుని చేత్తో కీ రాయడం మొదలుపెట్టాం. నాలుగు సెట్లు, 640 బిట్లు. ఎ సెట్‌లో నలభయ్యో బిట్టు దగ్గర ఫిజిక్స్ సారు టీకి లేచారు. ఆ సందులో పీజీఎఫ్ మాన్యువల్ తెరిచాను. వెయ్యికి పైగా పేజీల పుస్తకం అది. అందులో ఒక మూల ఒక్క వాక్యం ఉంది: సీడ్ మీరు ఇవ్వకపోతే, టైమ్‌ని ఇయర్‌తో గుణించి అదే తీసుకుంటుంది. టెక్‌లో టైమ్ అంటే అర్ధరాత్రి నుంచి ఎన్ని నిమిషాలు గడిచాయో ఆ లెక్క. సెకన్లు లేవు. నేను వెంటవెంటనే పరీక్షించిన రెండుసార్లూ ఒకే నిమిషంలో పడ్డాయి, అందుకే ఒకేలా వచ్చాయి!

అంటే శనివారం రాత్రి ఏ నిమిషంలో కంపైల్ చేశానో తెలిస్తే చాలు, ఆ పేపరు మళ్ళీ పుడుతుంది. కానీ నా కంప్యూటర్లో ఆ పీడీఎఫ్ మీదే కీ రాసేసుకుంది. జిరాక్సు షాపుకి పట్టుకెళ్ళిన పెన్‌డ్రైవ్ గుర్తొచ్చింది. బ్యాగు అడుగున ఉంది. పీడీఎఫ్ ప్రాపర్టీస్ తెరిస్తే తయారైన సమయం రాత్రి 9:17. ఇరవై ఒక్క గంటల 17 నిమిషాలు, 1277 నిమిషాలు. ఇంటూ 2016. 25,74,432. ఆ సంఖ్యని సీడ్‌గా పెట్టి కంపైల్ చేశాను. ఎ సెట్ మొదటి బిట్టు, పిల్లల పేపర్లో మొదటి బిట్టు ఒకటే. చివరి 160 చూశాను. అదీ ఒకటే. డి సెట్ చివరి పేజీ కూడా. కెమిస్ట్రీ మేడం చప్పట్లు కొట్టారు. ఫిజిక్స్ సారు టీ తాగి వచ్చి, "ఏంటి, ఎవరైనా రిజైన్ చేశారా?" అన్నారు. ఆ రాత్రే అందరికీ రెండో ఎస్సెమ్మెస్ వెళ్ళింది. ఆ అమ్మాయికి 141.

కాబట్టి మీరు ఏది వాడినా సీడ్ మీరే ఇవ్వండి. నేను తేదీనే సీడ్‌గా పెట్టి, ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో అచ్చు వేస్తాను. పేపరు, కీ ఒకే పూటలో తీసి రెండు పీడీఎఫ్‌లూ దాచండి. ఇంకోటి, పేపరు ప్రింటుకి వెళ్ళాక అక్షరదోషాలు దిద్దుకోవచ్చు గానీ ఒక్క ప్రశ్న కూడా తీయకండి, చేర్చకండి. సీడ్ అదే ఉన్నా ఆ ప్రశ్న దగ్గర నుంచి మొత్తం వరుస జారిపోతుంది. "పై ప్రశ్నలోని వృత్తానికి" అంటూ మొదలయ్యే బిట్లు రెండూ అంటిపెట్టుకుని ఉండేలా చూసుకోండి. సబ్జెక్టు లోపలే కలపండి. సెట్ పేరు మొదటి పేజీ మీదే కాదు, ప్రతి పేజీ మీదా ఉండాలి. పిన్ను కొట్టే కుర్రాడు బి సెట్ మూడో పేజీని సి సెట్‌లో కలిపేస్తే మళ్ళీ నా గతే.

సెట్లు పంచడం కూడా ఒక విద్యే. ఒక వరుసకి ఎ, బి, ఎ, బి, దాని వెనక వరుసకి సి, డి, సి, డి, మళ్ళీ ఎ, బి. అలా ఇస్తే చదరంగంలో రాజు కదిలే ఎనిమిది గళ్ళలో ఎక్కడా అదే సెట్ పడదు, నాలుగు సెట్లు సరిగ్గా సరిపోతాయి. కానీ ఇన్విజిలేటర్ కట్టలోంచి వరసగా ఇచ్చుకుంటూ పోతాడు, మధ్యలో ఒకడు ఆబ్సెంట్ అవుతాడు, అక్కడితో రాజు చచ్చాడు. సెట్ కోడ్ బబుల్ చేయడం మరచిపోయేవాళ్ళు ప్రతిసారీ ఒకరిద్దరుంటారు. మా దగ్గర నాలుగు కీలతోనూ దిద్ది ఎక్కువ వచ్చింది వేసేవాళ్ళు. ఆ సంగతి బయటికి పొక్కనివ్వకండి.

మీ 30 మందికి ఇదంతా అతి అనిపిస్తే వర్డ్‌లోనే రెండు సెట్లు చేసుకోండి, తప్పులేదు. కానీ మేథ్స్ చెబుతూ ఈక్వేషన్ ఎడిటర్లో ఒక్కో గుర్తు మౌసుతో ఏరుకుంటున్నారంటే మాత్రం నాకు మీ మీద జాలి.

ఇంతకీ కాపీ ఆగిందా అంటే, సైగలు ఆగాయి. తర్వాతి ఆదివారం నేనే ఇన్విజిలేటర్‌ని. వెనక్కి తిరిగి బోర్డు మీద టైము రాస్తుంటే మూడో బెంచీలోంచి గుసగుస వినపడింది. "ఒరేయ్, ఎలిప్స్ బిట్టు, రూట్ త్రీ బై టూ." ఇదివరకు వాళ్ళకి కావాల్సింది ముక్కో చెవో. ఇప్పుడు కనీసం అది ఎలిప్స్ అని గుర్తుపట్టాలి. రాయడం ఆపకుండా టైము పూర్తిగా రాశాకే ఇటు తిరిగాను.