మీరడిగారు: ఢిల్లీ అంటేనే మొహం మాడ్చుకుంటున్నారు

ప్రశ్న: దసరా సెలవుల్లో నలుగురం ఢిల్లీ వెళ్దామని కాజీపేట నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చూస్తున్నాం. అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, అమ్మాయికి పదమూడేళ్లు. మా వారు సోషల్ టీచరు, ఇరవై పైచిలుకు చోట్లు కాగితం మీద రాసుకుని రోజూ పొద్దున ఆరింటికే బయటపడాలంటున్నారు. అబ్బాయేమో "మీరు వెళ్లిరండి, నేను అమ్మమ్మ దగ్గరుంటా" అంటాడు, అమ్మాయి "బతుకమ్మకి నా ఫ్రెండ్సంతా ఇక్కడుంటే నేనక్కడేం చెయ్యాలి" అని ఏడుపు. పోయినసారి మైసూరులో ప్యాలెస్ బయట బెంచీ మీద ఫోన్లు పట్టుకు కూర్చున్నారు తప్ప లోపలికి రాలేదు. ఇంత ఖర్చు పెట్టి తీసుకెళ్లడం దండగేనా?
— ఒక అమ్మ, హనుమకొండ

జవాబు: దండగ కాదమ్మా, కానీ మీ వారి జేబులో ఉన్న ఆ కాగితాన్ని ముందు సగానికి కత్తిరించండి, తర్వాత మళ్లీ సగానికి. ఎర్రకోట ఒక్కటే తీరిగ్గా చూస్తే ఓ పూట పోతుంది. పైగా ఆయన టీచరు కాబట్టి ప్రతి గోడ దగ్గరా "ఇది ఎవరు కట్టించారో చెప్పు" అని అడుగుతారని నా అనుమానం, ఏడాది పొడుగునా కాలేజీలో స్లిప్ టెస్టులు రాసీ రాసీ ఉన్న పిల్లాడు మళ్లీ ఢిల్లీలో వైవా ఎందుకని అమ్మమ్మ దగ్గరికి పారిపోతానంటే నాకైతే తప్పనిపించలేదు.

అమ్మాయిది అసలు సాకే కాదు. ఆ వయసులో సద్దుల బతుకమ్మ నాడు ఫ్రెండ్స్‌తో ఆడుకోవడం కంటే కుతుబ్ మీనార్ ఎక్కువా? సెలవులివ్వగానే రైలెక్కి, సద్దులకి ముందే ఇల్లు చేరేలా టికెట్లు చూసుకోండి. ఆ మాట ఈ రోజే చెప్పండి, సగం ఏడుపు తగ్గుతుంది.

ఇక రోజుకి పెద్దవాళ్లు ఎంచుకున్నది ఒకటి, పిల్లలు ఎంచుకున్నది ఒకటి, అంతే. పొద్దున పదింటికి బయల్దేరితే చాలు. పిల్లల వంతు వచ్చినప్పుడు అది మీకు ఎంత చాదస్తంగా కనిపించినా "దీనికోసమా ఇంత దూరం వచ్చింది" అనే మాట నోట్లోంచి రాకూడదు. వాళ్లకి ఏమీ తోచకపోతే మజ్నూ కా టీలా అని పేరు చెప్పి చూడండి. విధాన్ సభ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోలో వెళ్తే టిబెటన్ల కాలనీ వస్తుంది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడవలేని సందులు, ఆ సందుల్లో కేఫ్‌లు, బట్టల కొట్లు, లాఫింగ్ అమ్మే చిన్న చిన్న బండ్లు. లాఫింగ్ అంటే చల్లగా, జారుడుగా ఉండే పిండిరొట్టెలో కారం నూనె, వెల్లుల్లి నీళ్లు వేసి చుట్టి ఇస్తారు, మన నాలుకలకి ఆ కారం బాగానే సరిపోతుంది. మీ వారు తినకపోతే బలవంతపెట్టొద్దు, ఆయన కోసం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది, పప్పూ అన్నం అక్కడ దొరుకుతుంది.

మెట్రో సంగతి మొత్తం అబ్బాయికి వదిలేయండి. కార్డులు కొనడం, ఎక్కడ లైన్ మారాలో చూడటం, ఏ గేటు నుంచి బయటికి రావాలో చెప్పడం, అన్నీ వాడే. ఒకసారి ఎటో ఎక్కిస్తాడు, ఎక్కించనివ్వండి, అవతలి ప్లాట్‌ఫాం మీదకొచ్చి వెనక్కి వస్తారు, అంతకంటే ఏం కాదు. మీ వారు నోరు మెదపకూడదు (మెదుపుతారు, తెలుసు). రాజీవ్ చౌక్‌లో పసుపు లైన్ నుంచి నీలం లైన్‌కి మారేటప్పుడు సాయంత్రాలు జనం విరగబడి ఉంటారు. మీరూ అమ్మాయీ ముందున్న ఆడవాళ్ల పెట్టెలో ఎక్కితే, ఎక్కడ దిగాలో నలుగురూ ముందే అనుకోండి.

ఎంపీసీ కుర్రాడన్నారు కాబట్టి జంతర్ మంతర్‌ని, అంటే ఆ పాతకాలపు ఖగోళ వేధశాలని, మాత్రం వదలొద్దు. 1724లో జైపూర్ రాజు సవాయి జైసింగ్ కట్టించాడు. మెట్లున్న పెద్ద ఎర్ర త్రికోణం ఒకటి కనిపిస్తుంది, అదే సమ్రాట్ యంత్రం, నీడ చూసి టైమ్ చెప్పే గడియారం. ఆ వాలుగోడ భూమి అక్షానికి సమాంతరంగా ఉండాలి, అందుకే ఢిల్లీ అక్షాంశం ఎంతో ఆ వాలూ అంతే, 28 డిగ్రీల పైచిలుకు. అదే యంత్రం మీ వేయిస్తంభాల గుడి పక్కన కడితే 18 డిగ్రీల వాలే పెట్టాలి. ఎందుకని వాణ్ణే అడగండి, జవాబు మీరు చెప్పొద్దు, వాడు చెప్పకపోయినా పర్లేదు. కుతుబ్ దగ్గర ఇనుప స్తంభం కూడా వాడికి పనికొచ్చేదే. పదహారు వందల ఏళ్లుగా ఎండలో వానలో ఉండి ఎందుకు తుప్పు పట్టలేదంటే, ఆ ఇనుములో భాస్వరం ఎక్కువుండి పైన ఒక పలుచని పొర కట్టిందని లోహశాస్త్రం చదివినవాళ్లు తేల్చారు. వెనక్కి తిరిగి చేతులతో దాన్ని చుట్టేయగలిగితే అదృష్టమని జనం ఎగబడుతుంటే 1997లో చుట్టూ కంచె వేశారు. మీనార్ పైకి ఎక్కనివ్వరని ముందే చెప్పండి, 1981 తొక్కిసలాట తర్వాత మెట్లు మూసేశారు.

మీ వారికీ ఒక ముచ్చట మిగలాలి కదా. తీన్‌మూర్తి దగ్గర ప్రధానమంత్రి సంగ్రహాలయ ఉంది, 2022లో తెరిచారు, తెరలూ బొమ్మలూ బోలెడు కాబట్టి పిల్లలు విసుక్కోరు. అక్కడ పీవీ నరసింహారావు గారి భాగం దగ్గర మీ వారిని రెండంటే రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి. మీ హనుమకొండ నుంచే 1977లో, 1980లో లోక్‌సభకి గెలిచి, 1984లో అక్కడే ఓడిపోయి, 1991లో ప్రధాని అయిన మనిషి కథ, సొంతూరి కథ కాబట్టి వింటారు. ఇండియా గేట్ పక్కన జాతీయ యుద్ధ స్మారకానికి మాత్రం ఎండ తగ్గాక వెళ్లండి, టికెట్ లేదు. వలయాలుగా కట్టిన గోడల రాళ్ల మీద 25 వేలకు పైగా సైనికుల పేర్లున్నాయి. 2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు ఎక్కడుందో వెతకమని పిల్లలకి చెప్పి మీరు పక్కకి తప్పుకోండి. ఇందులో లెక్చర్ అవసరం లేదు.

సోమవారంతో జాగ్రత్త. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ, రైల్ మ్యూజియం, అక్షర్‌ధామ్ అన్నీ ఆ రోజు మూతే. ఆ రోజు పిల్లల్ని పది దాకా పడుకోనిచ్చి కుతుబ్‌కో హుమాయూన్ సమాధికో వెళ్లండి. అక్షర్‌ధామ్ లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, ఈ సంగతి గేటు దగ్గర తెలిస్తే అక్కడే పెద్ద గొడవవుతుంది, రాత్రే చెప్పి ఉంచండి. పదిహేనేళ్ల లోపు పిల్లలకి ఎర్రకోట, కుతుబ్ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో టికెట్ లేదు, అమ్మాయి ఆధార్ పట్టుకెళ్లండి. ఆగ్రా కూడా ఆ కాగితంలో ఉండే ఉంటుంది. శుక్రవారం తాజ్‌మహల్‌కి సెలవు. నన్నడిగితే ఈసారికి ఆగ్రా మానేయండి, ఒక రోజంతా తినేస్తుంది, కానీ ఆ మాట మీ వారికి మీరే చెప్పుకోవాలి.

ప్రశ్న: నేను టెన్త్ అయ్యాను. మా నాన్న ఢిల్లీ తీసుకెళ్తున్నారు. ప్రతి గుమ్మం ముందూ నిలబెట్టి ఫొటో తీసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, పెదనాన్న వాళ్లందరికీ "థాంక్స్ చెప్పు" అంటారు. నాకు చచ్చేంత సిగ్గు. రానంటే "నీ వయసులో మేము జిల్లా కూడా దాటలేదు" అని మొదలుపెడతారు. ఏం చెయ్యను?
— పేరొద్దు, విజయవాడ

జవాబు: రానని మొండికేస్తే ఆ జిల్లా కథ ఇంకో గంట వినాలి నాన్నా, అది పెట్టుకోకు. కెమెరా నువ్వు తీసుకో. "ఫొటోలన్నీ నేనే తీస్తా, రాత్రి రూమ్‌కి వచ్చాక పది ఎంచి ఇస్తా, అవే గ్రూపులో పెట్టండి" అని బయల్దేరే ముందే అడుగు. తీసేవాడివి నువ్వయితే ఫొటోలో నువ్వుండక్కర్లేదు, ఒకటి రెండిట్లో నిలబడు, మీ నాన్న ముచ్చటా తీరుతుంది. లోధీ కాలనీలో ప్రభుత్వ క్వార్టర్ల గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశారు, పొద్దున్నే వెళ్తే జనం ఉండరు, నీకు నచ్చినట్టు తీసుకోవచ్చు.

ఇంకోటి, బదులుగా నీకు కావాల్సింది కూడా ఒకటి గట్టిగా అడుగు. సరోజినీ నగర్ మార్కెట్ అనుకో, సోమవారం మూసి ఉంటుంది, వేరే రోజు పెట్టించు. బేరం మాత్రం మీ అమ్మ చేస్తుంది, హిందీ రాకపోయినా సరే, నువ్వు మధ్యలో దూరకు.